ముక్కుగారి నిమ్మ సబ్బు

ఆయన అసలు పేరు పింఛను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. సబ్బుల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు వాసన చూసే ఉద్యోగం చేశాడు కాబట్టి ఊరందరికీ ముక్కుగారే. కరెంటు బిల్లు తెచ్చేవాడు కూడా గుమ్మంలో నిలబడి "ముక్కుగారున్నారా?" అని కేకేసేవాడు. లోపల్నుంచి ఆయన, "ముక్కు ఎప్పుడో వచ్చేసింది, వెనకాలే నేనూ వస్తున్నా" అనేవాడు.

తన ముక్కు గురించి ఆయన చెప్పుకున్న కబుర్లు మూటలు కడితే రెండు గోడౌన్లు చాలవు. వాన వస్తుందని మూడు రోజుల ముందే తెలిసిపోయేదట. పొద్దున్నే పనివాళ్ళు గేటు దాటుతుంటే చొక్కాల వాసన పట్టి, ఎవడు పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో, ఎవడు కాళ్ళు పట్టుకుని వచ్చాడో చెప్పేసేవాడట. ఒకసారి యజమాని ఉంగరం జారి సబ్బు ముద్దలో పడిపోతే, పదివేల బిళ్ళల్లో అది ఏ బిళ్ళలో ఉందో వాసన చూసి తీసి ఇచ్చాడట. "బంగారానికి వాసనేమిటండీ?" అని ఎవరైనా అడిగితే, "బంగారానికి లేదయ్యా, యజమాని వేలికి ఉంది" అనేవాడు.

కోతల సంగతి అలా ఉంచితే, పని మాత్రం నిజమైన పనే. రోజూ పరగడుపునే కిటికీ పక్కన చేతుల కుర్చీలో కూర్చుని, ప్రతి వాయి నుంచి చెక్కి తెచ్చిన సబ్బు పొట్టుని ముక్కు దగ్గర పెట్టుకుని సరే అనాలి, లేదా కాదనాలి. ఆయన కాదంటే ఆ వాయి అచ్చుకి వెళ్ళేది కాదు. ఆ కుర్చీలో కూర్చునేవాడికి ఒక నియమం ఉండేది. ఒంటి మీద ఏ వాసనా ఉండకూడదు. అందుకని రంగూ అత్తరూ కలపకముందే తీసిన సబ్బుని ఫ్యాక్టరీవాళ్ళే నెలకింతని ఇచ్చేవారు. ఇంట్లో దాని పేరు బోడి సబ్బు.

ఆయనకైతే అది ఉద్యోగం. ఇంట్లో భార్యకేం పట్టింది? కానీ పక్కన పడుకునే మనిషికి గులాబీ వాసన ఉంటే అది ఆయనకి అంటుకోకుండా ఉంటుందా? పాపం, ఆవిడ కూడా నలభై ఏళ్ళు బోడి సబ్బే రుద్దుకుంది. పౌడరు లేదు, వాసన నూనె లేదు, తల్లో పువ్వు లేదు. ఎదురింట్లో బట్టలుతుకుతుంటే సబ్బు నురగ వాసన కోసం కిటికీ దగ్గర పనున్నట్టు నిలబడేది.

రిటైరైన రోజు సాయంత్రం ముక్కుగారు ఇంటికొచ్చి భార్య చేతిలో మల్లెపూల సబ్బు పెట్టి, "ఇవాళ్టి నుంచి నెలకో వాసన. పూచీ నాది" అన్నాడు. ఆవిడ ఆ సబ్బుని మూడు రోజులు రుద్దుకోలేదు. దిండు కింద పెట్టుకుంది.

అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం వీధి చివర కొట్లో ఒక వేడుక జరిగేది. ముక్కుగారు వస్తున్నాడంటే కొట్టాయన స్టూలు వేసేవాడు. ఆయన ఒక్కో బిళ్ళనీ అట్టపెట్టెతో సహా ముక్కుకి ఆనించి, కళ్ళు మూసుకుని, "ఇది గులాబీ కాదు, గులాబీకి దూరపు చుట్టం" అనేవాడు. పేస్టు కొనడానికి వచ్చినవాళ్ళు పేస్టు మర్చిపోయి ముక్కున వేలేసుకుని చూసేవారు.

రెండేళ్ళు ఇలా వైభవంగా గడిచాక ఆయనకి జలుబు చేసింది. అందరికీ చేసేలాంటిదే. పది రోజులుండి పోయింది. పోతూ పోతూ ముక్కులో ఉన్న సామానంతా మూట కట్టుకుని మరీ పోయింది.

ఆ సంగతి ఆయనకి పాలు చెప్పాయి. స్టవ్ మీద పాలు పెట్టి మేడ మీద బట్టలు ఆరేస్తోంది ఆవిడ. ముక్కుగారు స్టవ్‌కి నాలుగడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పాలు పొంగాయి, ఇగిరిపోయాయి, గిన్నె మాడి నల్లబడింది. మేడ మీదనుంచి ఆవిడ పరిగెత్తుకొచ్చి, "ఏమండీ! ఇంత కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని చదువుకుంటున్నారా?" అంది.

ఆయన పేపరు దించి చూశాడు. గిన్నె నల్లగా కనబడుతోంది. వాసన మాత్రం ఎక్కడా లేదు.

"నీకు ఎంతసేపటికి తెలుస్తుందో చూద్దామని కూర్చున్నానే" అన్నాడు.

"నా ముక్కుకి పరీక్ష పెట్టడానికి గిన్నె మాడ్చారా?"

"పాసయ్యావుగా, మళ్ళీ ఏమిటి?"

చాటుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన, రేడియోలో వాన కబురు చెప్పినట్టు. ఇంటికొచ్చి అద్దంలో తన ముక్కుని తనే నిలదీశాడు: "పనీ పాటా లేనిదానివి, మొహం మధ్యలో నీకు ఇంత స్థలం ఎందుకే?"

నవ్వుకున్నాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. ముక్కు లేని ముక్కుగారిని ఏమని పిలుస్తారు? కొట్లో స్టూలెవరు వేస్తారు? అన్నిటికంటే, నెలకో వాసన అని పూచీ పడ్డాడే, ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పడం? ఆ మొహంలో ముఖ్యమైన భాగమేగా పోయింది!

కొట్టుకి వెళ్ళడం మానేశాడు. కోడలు అడిగింది: "ఏం మామయ్యా, ఈ ఆదివారం కొట్టుకి వెళ్ళలేదు?"

"కాలంతో పాటు నడవాలమ్మా. ఫోన్లో ఏదో ఉందటగా, అడిగితే సరుకులు వెతికిపెట్టేది. అది నాకు నేర్పు."

"మీ ముక్కుండగా దాంతో మీకు పనేముంది?"

"దాన్ని కూడా ఒకసారి పరీక్షించాలిగా!"

కోడలు నేర్పింది. ముక్కుగారు దానికి ఫోనబ్బాయి అని పేరు పెట్టి, మొదటి రోజే తన గొప్ప చాటుకున్నాడు.

"ఏమోయ్, మా ఆవిడకి సబ్బు కావాలి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్పు. నేను మామూలు మనిషిని కాను, నలభై ఏళ్ళ ముక్కుని."

"తప్పకుండానండీ. ఆవిడ చర్మం పొడిబారుతుందా, జిడ్డుగా ఉంటుందా?"

"చర్మం సంగతి తర్వాత. వాసన చెప్పు."

"తయారుచేసినవాళ్ళు రాసినదాని ప్రకారం, మొదట కమలాపండు తొక్క, తర్వాత లావెండర్, చివర్లో దేవదారు చెక్క."

ముక్కుగారు ఈ మూడూ చీటీ మీద రాసుకుని, ఆ చీటీని కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నాడు. పార్సెల్ వచ్చింది. బిళ్ళని ముక్కుకి ఆనించి, రెండో చేత్తో కళ్ళజోడు పెట్టె తెరిచి, ఒకసారి తొంగిచూసి, కళ్ళు మూసుకుని, "మొదట కమలా తొక్క..." అని అందుకున్నాడు.

"వాసన చూడటానికి కళ్ళజోడెందుకు మామయ్యా?" అంది కోడలు.

"వయసు మీద పడిందమ్మా. కళ్ళజోడు లేకపోతే దూరపు వాసనలు ఆనవు."

విచిత్రం ఏమిటంటే, ఆ మాట అందరూ నమ్మారు. ముక్కు నిండుగా ఉన్న రోజుల్లో "బావుంది, కాస్త ఘాటు తగ్గాలి" అని ఊరుకునే మనిషి, ముక్కు పోయాక తడిసిన గడ్డి, అడవి తేనె, తెల్లవారుజాము పొగమంచు అంటూ పద్యం చదివినట్టు చదివేస్తుంటే, పైవాటాలో ఉండే టైలరమ్మ చెంపలు నొక్కుకుని, "బాబాయిగారికి వయసొచ్చేకొద్దీ ముక్కు పదునెక్కుతోంది పిన్నీ!" అంది. ముక్కుగారు తల వంచుకుని వినయం నటించాడు. దొంగకి తేలు కుట్టినా పైకి వినయంలాగే కనబడుతుంది.

ఇలా పది నెలలు గడిచాయి. పది సబ్బులు, మూడు షాంపూలు, నాలుగు నూనెలు. ఆవిడ మెడ చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచాయి.

"ఏమోయ్, మా ఆవిడ మెడంతా దురద అంటోంది" అని ముక్కుగారు ఫోనబ్బాయికి చెప్పాడు. అప్పటికే ఆ నెలకి నిమ్మ సబ్బు అడిగి, వాడు చదివి చెప్పిన దాని వాసనలు చీటీ మీద రాయడం మొదలుపెట్టాడు.

"అయ్యో. కొందరికి సబ్బుల్లో కలిపే సువాసనలు పడవండీ. ఈసారి నిమ్మ సబ్బు బదులు, అదే కంపెనీ చేసే, సువాసన కలపనిది తెప్పించనా? వారం పది రోజుల్లో తగ్గకపోతే మాత్రం చర్మం డాక్టరుకి చూపించండి."

ముక్కుగారి చెవికి పది నెలల్లో ఒక అలవాటు పట్టింది. వాసనల పేర్లు వినబడితే నిక్కబొడుచుకునేది, తక్కిన మాటలకి కునుకు తీసేది. 'నిమ్మ తొక్క, తడి గడ్డి, దేవదారు' అని పొందిగ్గా రాసుకుంటూ, "ఊఁ ఊఁ, కానియ్" అన్నాడు.

ఆదివారం పదింటికి ఫ్యాక్టరీ పాత ఫోర్‌మన్ వచ్చాడు. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతబడింది. ఇప్పుడు తనే ఐదుగురితో బస్సు డిపో వెనక షెడ్డులో సబ్బులు మొదలుపెట్టాడట.

"అన్నీ కుదిరాయి ముక్కుగారూ. ముక్కే లేదు. వారానికి రెండు పూటలు మీరు వచ్చి కూర్చుంటే చాలు. మీ పాత కుర్చీ ఉందే, చేతుల కుర్చీ, దాన్ని తుక్కు సామాన్లలోంచి నేనే కొన్నా. కిటికీ పక్కనే వేయించా."

ముక్కుగారు తన కుడి మోచెయ్యి తడుముకున్నాడు. ఆ కుర్చీ కుడి చెయ్యి మీద నలభై ఏళ్ళ తన మోచేతి గుంట ఉంటుంది. ఇన్నాళ్ళూ తను లేకుండా ఆ గుంట ఏం చేసుకుందో పాపం.

సరిగ్గా అప్పుడే పార్సెల్ వచ్చింది. టైలరమ్మ కుట్టిన బట్టలివ్వడానికి దిగి వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఏదీ, చాలా ఏళ్ళయింది. ఒక్కసారి మీ విద్య చూపించండి" అన్నాడు ఫోర్‌మన్.

ఇంక ముక్కుగారిని పట్టేవాళ్ళెవరు? అట్టపెట్టె అటు విసిరి, బిళ్ళని ముక్కుకి ఆనించి, కళ్ళజోడు పెట్టె తెరిచి, మూసి, గుండెల నిండా గాలి పీల్చాడు.

"మొదట నిమ్మ తొక్క. అప్పుడే గోరుతో గిల్లిన తొక్క. వెనకాల తడి గడ్డి. అన్నిటికీ అడుగున... ఆగండాగండి... దేవదారు."

బిళ్ళ ఫోర్‌మన్ చేతికి వెళ్ళింది. ఆయన వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. బిళ్ళ తిరగేసి చూశాడు. ముక్కుగారి మొహంలోకి చూసి, "ఆఁ... నిమ్మ! నిమ్మే" అన్నాడు.

టైలరమ్మ అందుకుంది. "నాకు గడ్డి బాగా తెలుస్తోంది బాబాయిగారూ. నిమ్మ కొంచెం తక్కువే గానీ, గడ్డి మాత్రం కోసి తెచ్చి ఎదురుగా పడేసినట్టుంది!"

చివరికి ఆవిడ చేతికి వచ్చింది. ఆవిడ చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకుంది. బిళ్ళ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"బుధవారం పొద్దున్నే, మరి" అని ఫోర్‌మన్ సంతోషంగా లేచాడు.

అందరూ వెళ్ళాక ముక్కుగారు ఈల వేసుకుంటూ అట్టపెట్టె తీసి చెత్తబుట్టలో వేయబోయి ఆగాడు. పెట్టె మీద ఇంత లావు అక్షరాలు: సువాసన కలపనిది.

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. అక్షరాలు ఎక్కడికీ పోలేదు. ఫోను తీసి గొంతు తగ్గించి కసిరాడు.

"ఏమోయ్! నిమ్మ సబ్బేదీ?"

"దురద ఉందన్నారు కదండీ, సువాసన లేనిది తెప్పించనా అని అడిగాను. కానియ్ అన్నారు."

"నిమ్మ తొక్క, గడ్డి, దేవదారు అన్నావుగా?"

"అది ముందు మీరు అడిగిన సబ్బు గురించి. రెండూ కలగలిసేలా చెప్పి ఉంటే క్షమించండి."

"అసలు నీకు వాసన తెలుసా?"

"తెలియదండీ. నాకు ముక్కు లేదు. తయారుచేసినవాళ్ళు రాసింది చదివి చెప్తాను, అంతే."

ముక్కుగారు కుర్చీలో కూలబడ్డాడు. పది నెలలుగా తను కక్కలేక మింగలేక తిరుగుతున్న మాటని ఈ ఫోనబ్బాయి ఒక్క ఊపిరిలో, సిగ్గూ బిడియం లేకుండా అనేశాడు! ముక్కు లేనివాడు చెప్తే ముక్కు లేనివాడు రాసుకున్నాడు, ముక్కులున్న ముగ్గురికి పాఠం చెప్పాడు. నలభై ఏళ్ళు ఒళ్ళు రుద్దుకున్న బోడి సబ్బుని పట్టుకుని దేవదారు అన్నాడు. ఇంత ఘనకార్యం యజమాని ఉంగరం కథలో కూడా లేదు.

'పోనీలే, బయటపడలేదుగా' అనుకుంటూ లోపలికి వెళ్ళాడు. వంటింట్లో ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ సబ్బు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందే?"

"ఏమండీ... నాకు వాసనలు పోయినట్టున్నాయి."

"ఏమిటీ?"

"మీరు నిమ్మ అన్నారు. ఆయనా నిమ్మే అన్నాడు. పైవాటా పిల్లకి గడ్డి కూడా తెలిసింది. నాకు మన బోడి సబ్బులాగే ఉంది. ఎంత చూసినా అంతే. ముసలిదాన్నయ్యాను, పోతాయి మరి. ఇంకేమీ తెప్పించకండి. తెప్పించినా దండగ." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దగ్గర దగ్గర మూడేళ్ళు చూపించారు. చాల్లెండి."

ముక్కుగారి బుర్ర చెడ్డది. ఆ కన్నీళ్ళ మధ్య కూడా లెక్క వేసుకుంది. ఊరుకుంటే సరి. ముక్కు పోయినది ఆవిడకి. చీటీలు అక్కర్లేదు, కళ్ళజోడు పెట్టె అక్కర్లేదు, నెలకో వాసన అన్న పూచీ తీరిపోయింది. బుధవారం కుర్చీ సంగతి బుధవారం చూసుకోవచ్చు. ఇంత చక్కగా తప్పించుకునే దారి ఏ దొంగకి దొరుకుతుంది?

ఆవిడ ఆ సబ్బుని మళ్ళీ ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, కిందికి దించింది.

"నీకేం పోలేదే" అన్నాడు ముక్కుగారు. "పోయింది నాకు."

"నన్ను ఓదార్చడానికి అనకండి."

"ఓదార్పు కాదే, నీ తోడు. అది బోడి సబ్బే. పెట్టె చూడు. నాకు ఏ వాసనా తెలియక పది నెలలైంది. ఆ గిన్నె మాడిన రోజుకి ముందే పోయింది. ఫోన్లో వాడు చెప్పింది రాసుకుని నీకు అప్పజెప్తున్నా." కళ్ళజోడు పెట్టె తెరిచి చీటీ ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ చీటీ చదివింది. పెట్టె చదివింది. లేచి కాఫీ పొడి డబ్బా మూత తీసి ముక్కు లోపలికంటా పెట్టింది. మొహం విప్పారింది. తర్వాత ఆ మొహం ఆయన వైపు తిరిగింది. విప్పారిందల్లా ముడుచుకుంది.

"అంటే నా పాల గిన్నె..."

"ఆఁ."

"దూరపు వాసనలకి కళ్ళజోడు..."

"ఆఁ."

"మరి వాళ్ళిద్దరికీ నిమ్మా గడ్డీ ఎలా తెలిశాయండీ?"

"నలభై ఏళ్ళ కోతలే! వాళ్ళ ముక్కులు నా నోట్లో ఉన్నాయి."

ఆవిడ నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. గోడకి ఆనుకుని, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. ముక్కుగారు కూడా నవ్వాడు గానీ, ఆవిడ నవ్వుతూ నవ్వుతూ ఆయన చెయ్యి పట్టుకుని, "ఇంత దిగులు ఒక్కరే మోశారా, పిచ్చి మనిషీ" అనేసరికి, పనీ పాటా లేని ఆ ముక్కుకి ఎగబీల్చే పని పడింది.

బుధవారం పొద్దున ఇద్దరూ కలిసే షెడ్డుకి వెళ్ళారు. గుమ్మంలోనే ముక్కుగారు ఫోర్‌మన్‌ని పక్కకి లాగాడు.

"నీకో మాట చెప్పాలయ్యా. మొన్నటి నిమ్మ..."

ఫోర్‌మన్ మొహం పాలిపోయింది. "మీరు కనిపెట్టేశారా? నిజం చెప్తున్నానండీ, నాకే వాసనా రాలేదు. మీరంత గట్టిగా అంటుంటే కాదనడానికి నోరు రాలేదు."

"నాకూ రాలేదయ్యా. పది నెలలైంది."

ఫోర్‌మన్ మెల్లగా కిటికీ పక్కనున్న కుర్చీ వైపు చూశాడు. ముక్కుగారు కూడా చూశాడు. కుడి చెయ్యి మీద గుంట అలాగే ఉంది.

"అందులో ఆవిడ కూర్చుంటుంది" అన్నాడు ముక్కుగారు. "నలభై ఏళ్ళు పౌడరు కూడా తగలకుండా దాచిన ముక్కు. ఫ్యాక్టరీలో నాకైనా ఆదివారాలు సెలవుండేది, దానికి అదీ లేదు."

ఆవిడ మొహమాటపడుతూ కూర్చుంది. మూడు రకాల పొట్టు తెచ్చి పెట్టారు. మొదటిది చూసి, "బావుంది" అంది.

"ఎలా బావుందమ్మా?" అన్నాడు ఫోర్‌మన్.

"బావుందంటే బావుంది. ఇంకెలా చెప్తారు?"

ముక్కుగారు పక్కనే స్టూలు మీద కూర్చుని ముందుకి వంగాడు. "పొద్దున్నా, సాయంత్రమా?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. "సాయంత్రం. ఎవరో అప్పుడే చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కున్నట్టు."

"రాసుకో ఫోర్‌మన్. పూల అత్తరు పాళ్ళు సరిపోయాయి, ముట్టుకోకు."

రెండోదీ పాసైంది. మూడోది ముక్కు దాకా కూడా వెళ్ళలేదు, ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. "ఇది నూనె డబ్బా అడుగు."

ఫోర్‌మన్ నెత్తి గోక్కున్నాడు. పాత డబ్బాలో మిగిలిన నూనె ఆ వాయిలోకే వెళ్ళిందట. అచ్చుకి పంపకుండా ఆపేశాడు.

దద్దుర్లు పదో రోజుకి తగ్గాయి. ఇంట్లో రుద్దుకోవడానికి మళ్ళీ సువాసన కలపనిదే. వాసనలు మాత్రం ఆవిడకి ఇప్పుడు నెలకొకటి కాదు, పూటకి మూడు. నెల తిరిగేసరికి ఫోనబ్బాయి అలవాటు ప్రకారం అడిగాడు: "ఈసారి ఏ వాసన చూడమంటారు?"

"నన్నడక్కు నాయనా. నేనూ నీ జాతే" అని ముక్కుగారు ఫోను ఆవిడకి ఇచ్చేశాడు.

కొట్లో స్టూలు కూడా ఆవిడకే వేస్తున్నారిప్పుడు. ముక్కుగారు పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, వచ్చినవాళ్ళకి చెప్తుంటాడు.

"ఈవిడ ముక్కంటే ఏమనుకున్నారు? వాన వస్తోందని నాలుగు రోజుల ముందే చెప్పేస్తుంది."

"మూడు రోజులు కదండీ మీరు చెప్పేది?" అన్నాడు కొట్టాయన.

"నాది మూడే" అన్నాడు ముక్కుగారు.